కోళ్ల ఫారంలో ఎల్లమ్మ వంత

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎవరినడిగినా చెబుతారు: దుర్గాబాయి పాటకు వంత పాడింది మనిషి కాదు, సాక్షాత్తూ ఎల్లమ్మ తల్లి.

అడగకపోయినా చెబుతారు. షేర్ ఆటోలో తమ సంచీని మీ మోకాళ్ల మీద పెట్టి మరీ చెబుతారు. మీ ముఖంలో సందేహం ఏ మూల కనిపించినా ఆటో డ్రైవరే క్యాసెట్ తిప్పి పెడతాడు. ‘మేడ్చల్ నాట్ల పాటలు’ అన్న ఆ క్యాసెట్‌కు రెండో వైపు, చివరి పాట. దుర్గాబాయి కంచుగంట లాంటి గొంతుతో ఎత్తుకుంటుంది:

“తూముకాడి మడిలోన తొలినాటు ఎవ్వలిదే?”

క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత, బావి అడుగున ఎవరో నిలబడి పాడినట్టు, మరో గొంతు అందుకుంటుంది:

“ఎవ్వలిదైతేంది అమ్మ, కంకులొచ్చినంక సూడు!”

వినేవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే ఆ పాట రికార్డయినప్పుడు గదిలో దుర్గాబాయి, టేపు తిప్పే పరమేష్ తప్ప మూడో ప్రాణి లేదు. ఆ గది గోడలకూ తలుపుకూ కిటికీకీ సందు లేకుండా గుడ్ల అట్టలు కొట్టి ఉన్నాయి. గుడ్ల అట్టలు కొట్టిన గదిలోకి చీమ చప్పుడు కూడా దూరదన్నది ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం. లోపల మనిషి లేదు, బయటి గొంతు లోపలికి రాదు; ఇక పాడగలిగింది ఎవరు?

తర్కం చక్కగానే ఉంది. అందులో ఒక్క మెట్టు మాత్రం పుచ్చిపోయిందని పరమేష్‌కు తెలిసిరావడానికి బొంబాయి నుంచి కబురు రావలసివచ్చింది.

పరమేష్‌కు మేడ్చల్ బస్టాండు వెనక మైకుసెట్ల దుకాణం ఉండేది. పెళ్లిళ్లకూ ఎన్నికల సభలకూ లౌడ్‌స్పీకరు డబ్బాలు కట్టి కట్టి, ఈ చేతులు ఎప్పటికైనా ఒక మంచి గొంతును టేపు మీదికి ఎక్కించాలని అతనికి కోరిక పుట్టింది. పట్నంలో స్టూడియో పెట్టే తాహతు లేదు. శామీర్‌పేట దారిలో జనార్ధన్ పటేలుకు కోళ్ల ఫారం ఉంది. అందులో పెద్ద షెడ్డును ఆనుకొని ఉన్న దాణా గది ఖాళీగా పడి ఉంటే, పటేలు దాన్ని పరమేష్‌కు వదిలేశాడు. పక్కనున్న గుడ్ల ఫారం వాళ్లు పారేసిన చిరుగు అట్టలు తెచ్చి, పరమేష్ తన చేతులతోనే గదంతా కొట్టాడు. షెడ్డులోకి దాణా అందించడానికి గోడలో ఒక చిన్న జాలీ కిటికీ ఉండేది. దాన్నీ అట్టలతో కప్పేశాడు.

తొంభై ఎనిమిది వానాకాలంలో దుర్గాబాయి చేత అక్కడ పాడించాడు. ఆమెకు ఒక మైకు; డప్పు కొట్టే యాదగిరికి కిటికీ దగ్గర ఇంకో మైకు. దుర్గాబాయి గొంతు హెడ్‌ఫోన్ కుడి చెవిలోకి, డప్పు ఎడమ చెవిలోకి. ఆనాడు హెడ్‌ఫోన్ ఎడమ చెవి పనిచేయలేదు. డప్పు చప్పుడు చెవికి యంత్రం పెట్టకపోయినా వినబడుతూనే ఉంటుంది కనుక పరమేష్ దాన్ని పట్టించుకోలేదు. చివరి పాటకు డప్పు అక్కరలేకపోయింది. యాదగిరి బీడీ దగ్గు టేపు మీద పడుతుందన్న భయంతో అతన్ని బయటికి పంపి తలుపు వేశాడు. డప్పు మైకును ఆపడం మాత్రం మరిచిపోయాడు. హెడ్‌ఫోన్ మూసిన చెవులకు దుర్గాబాయి గొంతు తప్ప మరేదీ అందలేదు.

ఇంటికి పోయి రెండు డబ్బాలకు కలిపి వినిపించుకుంటే, ఎడమ డబ్బాలోంచి ఆ రెండో గొంతు పలికింది. చేతిలో ఉన్న గ్లాసులో చాయ్ అలాగే చల్లారిపోయింది.

మర్నాడు దుర్గాబాయికి వినిపించాడు. ఆమె వింటూ వింటూ కొంగు సర్దుకుంది. ముఖంలో ఏదో వెలిగి ఆరింది.

“ఎవలక్కా గిది?”

“నాకేం తెల్సు. మంచిగనే ఉన్నది గద, ఉండనియ్యి” అని లేచి వెళ్లిపోయింది.

మంచిగానే ఉంది కనుక పరమేష్ ఉండనిచ్చాడు. దానికి పేరు పెట్టినవాడు యాదగిరి. పాట జరుగుతున్నంతసేపూ చింతచెట్టు కింద కూర్చున్నానని, నరమానవుడు కంటబడలేదని, గొంతు మాత్రం నలుదిక్కుల నుంచీ వినిపించిందని మొదట చెప్పాడు. దసరా నాటికి ఆ గొంతుతో పాటు గజ్జెల చప్పుడు వచ్చి చేరింది. సంక్రాంతి దాటేసరికి వేపాకు వాసన కూడా. యాదగిరి అబద్ధాలకోరు కాదు. వినేవాళ్ల కళ్లు పెద్దవవుతుంటే మాట కూడా పెద్దదవుతుంది, అంతే.

సికింద్రాబాదులో ఒక చిన్న క్యాసెట్ల కంపెనీ ఉండేది. దాన్ని నడిపే బుల్లిబాబుది గోదావరి వైపు. అతను ఆ పాటలను అచ్చువేసి బస్టాండ్లలో అమ్మించాడు. ఎందుకైనా మంచిదని ఒక ప్రతిని బొంబాయిలో ఏదో పోటీకి కూడా పంపాడు. మరుసటి ఏడు ఒకరోజు పరమేష్ దుకాణం పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు అతని ఫోను వచ్చింది.

“పరమేష్ గారూ, కూర్చున్నారా నిలబడ్డారా? కూర్చోండి ముందు. జాతీయ సంగీత పరిశ్రమ పురస్కారాలండీ! దేశం మొత్తం మీద ఉత్తమ జానపద జంటగానం మనదేనటండీ!”

పరమేష్‌కు కూర్చోవడానికి బూత్‌లో చోటు లేదు. “జంట ఏంది బుల్లిబాబు గారూ? పాడింది దుర్గక్క ఒక్కతే గద?”

“అక్కడే ఉందండీ తిరకాసు. జడ్జీలు విన్నది రెండు గొంతులు. ఆ రెండో గొంతుకే పడిపోయారట. కిందటేడు ఎవరో ఇంకొకళ్ల గొంతు పెట్టి బహుమతి కొట్టేశారని గొడవైందటండీ. అందుకని ఈసారి నెగ్గినవాళ్లు స్టేజీ మీద ఓ చరణం పాడి చూపించాలి. ఇద్దరూ.”

“రెండో ఆమె దొరక్కపోతే?”

అవతల బుల్లిబాబు గొంతు తగ్గింది. “బహుమతి రెండో స్థానంలో ఉన్న రాజస్థాన్ జంటకి వెళ్లిపోతుంది. పోతే పోయింది, మనం ఏదో పాత క్యాసెట్లోంచి గొంతు ఎత్తుకొచ్చి అతికించామంటారు. ఆ మాట పడితే నా కంపెనీ మూతేనండీ. మీ గదిలో ఇంకెవరూ పాడరు. శనివారంలోగా పేరు చెప్పాలి.”

పరమేష్ ఫోను పెట్టేశాడు. ఊళ్లో అతన్ని దేవుడి గొంతు పట్టినవాడంటున్నారు. దేశంలో గొంతు దొంగ అనబోతున్నారు. నిజానికి అతను కోరుకున్నది ఈ రెండూ కాదు. మేడ్చల్ మైకుసెట్టువాడు ఒక పాటను ఉన్నదున్నట్టు టేపు మీదికి ఎక్కించాడని ఎవరైనా ఒక్కరు అంటే చాలునన్నదే అతని ఆశ.

ఆ సాయంత్రం జనార్ధన్ పటేలు ఇంటి అరుగు మీద పంచాయితీ కూడింది.

“గిండ్ల పరేషాన్ ఏమున్నదిరా? అమ్మవారి పటం పట్టుకపోండ్రి. పటం ముంగట మైకు వెట్టుండ్రి” అన్నాడు పటేలు. అప్పటికే అతను ఫారం పక్క భూమిని ప్లాట్లు చేసి, ఎల్లమ్మ నగర్ అని బోర్డు రాయించాడు.

“పటం పాడ్తదా పటేలా?”

“పాడకుంటే ఆమె ఇష్టం. దేవతను అడిగేటోడెవడు?”

“మా శెల్లెను తీస్కపోరాదు? మస్తు పాడ్తది” అన్నాడు యాదగిరి.

“మీ చెల్లె గొంతు బొంగురు పోయిందిరా. జడ్జీలకు చెవులుంటయి” అన్నాడు పరమేష్.

దుర్గాబాయి గుంజకు ఆనుకొని కూర్చుంది. పురస్కారం వచ్చింది ఆమెకు; ఉలుకూ పలుకూ లేనిదీ ఆమే. అందరూ తన వైపు చూస్తే ఒక్క మాట అంది: “తెల్సినోళ్లు జెప్పాలె. నేనెవల పేరూ జెప్ప.”

ఆ మాట పరమేష్‌కు గుచ్చుకుంది. తెలియదని అనలేదు, చెప్పనని అంది.

మర్నాడు పొద్దున్నే అతను ఫారానికి వెళ్లాడు. షెడ్డు నిండా కోళ్లున్నాయి. గదిలోకి పోయి తలుపేసుకొని, ఆ మధ్య బాగుచేయించిన హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చున్నాడు. టేపు ఇంకా వేయనే లేదు. అట్టల అవతల వేల కోళ్లు ఒకదానితో ఒకటి ముచ్చట పెట్టుకుంటున్నాయి. అంతలో దుండిగల్ నుంచి శిక్షణ విమానం ఒకటి గుర్రుమంటూ నెత్తి మీదుగా పోయింది.

ఈ రెండు చప్పుళ్లూ అతనికి కొత్తవి కావు. కోళ్లు లారీ ఎక్కి, షెడ్డు ఖాళీ అయిన రోజుల్లోనే అతను రికార్డింగు పెట్టుకునేవాడు. విమానం వస్తే పాట ఆపించి, అది పోయాక మళ్లీ మొదలుపెట్టించేవాడు. అలా చేస్తూనే, అట్టలు కొడితే చీమ చప్పుడు రాదని వచ్చినవాళ్లందరికీ గర్వంగా చెప్పుకునేవాడు. ఈ రెండు విషయాలూ అతని బుర్రలో పక్కపక్క ఇళ్లలోనే ఉంటూ వచ్చాయి. ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు.

“విమానం పైకెల్లి వస్తది, సరే. కోళ్లు పక్కకెల్లి వస్తున్నయి. మరి మనిషి గొంతు రాదని ఎవలు జెప్పిన్రు?” అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. చెప్పింది తనే.

అసలు టేపు పెట్టి ఎడమ చెవిలో మాత్రమే విన్నాడు. రెండో గొంతుకు ముందు ఏదో సన్నని రాపిడి: సర్... సర్... సర్. ఇన్నాళ్లూ టేపు బుసగా తీసిపారేసిన చప్పుడది. ఇప్పుడు చెవి ఒగ్గి వింటే, దుర్గాబాయి ప్రశ్న పూర్తికాగానే అది ఆగుతోంది. గొంతు జవాబు పాడుతోంది. పాడటం అయిపోగానే మళ్లీ సర్... సర్.

టేపు బుస పాట కోసం ఆగదు. చేతిపని ఆగుతుంది.

కోళ్లు పోయాక, కొత్త పిల్లలు రాకముందు, ఖాళీ షెడ్డులో జరిగే చేతిపని ఒక్కటే: సున్నం వేయడం. షెడ్డు పక్కల పరదా పట్టాలన్నీ దించి, రేకుల కప్పు కింద ఆ కొస నుంచి ఈ కొస దాకా కుంచెతో కొడతారు. అలాంటి ఖాళీ షెడ్డులో దగ్గినా బావిలో దగ్గినట్టే మోగుతుంది. రికార్డింగు రోజు కూలీలందరికీ సెలవే. కానీ పటేలు షెడ్లకు ఏళ్ల తరబడి సున్నం వేస్తున్న మనిషి ఒకామె ఉంది. సున్నం పడని మూల ఒక్కటి మిగిలినా నిద్రపట్టని రకం, సెలవు రోజైనా వచ్చేస్తుంది. ఆమె బుచ్చమ్మ.

పరమేష్ ‘అమ్మో’ అనుకున్నాడు. బుచ్చమ్మ దుర్గాబాయికి యారాలు, బావ భార్య.

ఆ ఇద్దరు తోడికోడళ్ల మధ్య మాటలు లేక ఊరికి చాలా ఏళ్లయింది. బతుకమ్మ నాడు మొదటి పాట ఎత్తుకోవడం ఇంటికి పెద్దామె హక్కు. ఒక ఏడు బుచ్చమ్మ ఇంకా గొంతు సవరించుకుంటుండగానే చిన్నామె దుర్గాబాయి ఎత్తుకుంది. మర్నాడు నల్లా దగ్గర అందరూ వింటుండగా బుచ్చమ్మ ఒట్టు పెట్టింది: “ఇగ దుర్గి ఎత్తుకున్న పాట నా నోట అందుకుంటే, నేను మా నాయిన బిడ్డనే గాదు!” ఆనాటి నుంచి నడిమి గోడకు అటొకరు, ఇటొకరు. తప్పనిసరిగా ఏదైనా చెప్పుకోవలసివస్తే బుచ్చమ్మ బర్రెతో చెప్పేది. “ఓ బర్రె, కొందరు నల్ల తిప్పి ఇడిసిపెడ్తరు, నీళ్లన్ని మోరి పాలు” అని ఇటు నుంచి అంటే, “ఓ బర్రె, నల్ల ఇడిసింది నేను గాదు, పక్కింటోళ్లు అని జెప్పు” అని అటు నుంచి జవాబొచ్చేది. ఆ బర్రె అంత ఓపికగల మధ్యవర్తి మండలంలో లేదు.

పరమేష్ వెళ్లేసరికి బుచ్చమ్మ దానికి గడ్డి వేస్తోంది.

“బుచ్చక్కా, ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు. ఆ క్యాసెట్ల రెండో గొంతు నీదే గద?”

“నాదా? దుర్గి పాటకు నేను అందుకుంటనా? నా ఒట్టు నీకెర్క లేదా?”

“ఎర్కనే. గందుకే నిన్నడిగేతందుకు భయమైతాంది.”

“భయం ఉన్నోనివి అడగకు మల్ల. సున్నం ఏసేటప్పుడు నేను నోరు దెర్వనే దెర్వ. తెరిస్తే సున్నం నోట్ల పడ్తది.”

“నేను సున్నం మాట ఎత్తనే లేదు గదక్కా!”

బుచ్చమ్మ చేతిలో గడ్డి అలాగే ఉండిపోయింది. కాసేపు పరమేష్‌ను చూసి, తర్వాత బర్రె వైపు తిరిగింది. “ఓ బర్రె, గీ మైకుసెట్టోడు పోలీసుల్ల జేరితే మంచిగుండు.”

పరమేష్ నవ్వు ఆపుకున్నాడు. బుచ్చమ్మ గడ్డిమోపు మీద కూలబడింది.

“ఏం జెయ్యాలె తమ్మీ? పాట ఎత్తుకున్నరంటే కింద పడనియ్యరాదు. ఎవల మడిల ఎత్తినా, ఇనబడ్డోళ్లు గట్టు మీదికెల్లి అందుకోవాలె. మా అవ్వ నేర్పిన పద్ధతి అది. ఆమె అడిగి ఆగింది. నా చెయ్యి కుంచె మీదనే ఉన్నది. నోరు నా మాట ఇనలే.”

“మరి బొంబయికి వస్తవా? టీవీల వస్తది.”

“ఇంక నయం! చాటుకు దప్పిన ఒట్టు టీవీల దప్పాల్నా? ఎల్లమ్మ పాడిందంటున్నరు గద, మంచిదే ఉన్నది. ఆమెకు ఏ ఒట్టూ లేదు.”

బుచ్చమ్మ లేచి మళ్లీ గడ్డి వేయసాగింది. పరమేష్ గోడ చుట్టూ తిరిగి అవతలి వాకిట్లోకి వెళ్లాడు. దుర్గాబాయి అంట్లు తోముతోంది. అంట్ల చప్పుడు చాలాసేపటి నుంచి ఆగిపోయి, అతను కనబడగానే మొదలైందన్న సంగతి అతను గమనించాడు.

“నీకు మొదటి దినమే ఎర్క గదా దుర్గక్కా?”

“పెండ్లయి వచ్చినకాంచి నా పాట అందుకున్న గొంతు. నాకెర్క లేకుంటే మీ యాదగిరికి ఎర్కుంటదా?” గొంతు తగ్గించింది. “పాట నడుమ ఇనబడ్డది పరమేశా. ఇనబడంగనే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆపితే ఆమె ఆపుతదని పాడుకుంట పోయిన.”

“మరి జెప్పొద్దా?”

“నేను జెప్తే, బుచ్చమ్మ ఒట్టు దప్పిందని ఊరంత పండ్లికిలించదా? యారాండ్లం కొట్లాడుకుంటం గని ఒకలి ఇజ్జత్ ఒకలం తీసుకోం.”

పరమేష్ గడప మీద కూర్చున్నాడు. ఇటు చూస్తే చెప్పనివారు, అటు చూస్తే ఒప్పుకోనివారు, ఎదుట శనివారం. అతను మైకుసెట్టువాడు, తీగ ఎక్కడ తెగిందో చూసుకుంటూ పోవడం అతని అలవాటు. బుచ్చమ్మ ఒట్టును మాట మాటా మరోసారి మనసులో తిప్పి చూశాడు.

“అక్కా, ఆమె ఒట్టు దేని మీద? ‘దుర్గి ఎత్తుకున్న పాట అందుకోను’ అని గద?”

“అవు.”

“మరి బుచ్చక్కనే ఎత్తుకుంటే? నువ్వు అందుకుంటే? ఒట్టు ఏడ దప్పుతది?”

దుర్గాబాయి చేతిలో గిన్నె ఆగింది. అందులో దాగిన బరువు ఆమెకు వెంటనే తెలిసింది. “అంటే... దేశమంత సూస్తాంటే నేను ఆమెకు వంతనా? క్యాసెట్ మీద నా పేరున్నది. ఇనాం నా పాటకొచ్చింది.”

 ఆమె గిన్నెను మళ్లీ తోమింది. అప్పటికే తళతళలాడుతున్న గిన్నెను. “పో, పోయి నీ పని సూస్కో” అంది చివరికి.

శుక్రవారం వచ్చింది. బుల్లిబాబు రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి అతని గొంతులో విచిత్రమైన హుషారు: “ఇక బెంగ లేదండీ! మీ పటేలు గారు ఫోన్ చేశారు. రెండో గాయని పేరు ఎల్లమ్మట కదా! బొంబాయికి చెప్పేశాను.”

పరమేష్ తల పట్టుకొని బూత్ బయటికి వచ్చాడు. పేరు వెళ్లిపోయింది, మనిషి లేదు. పడుతూ లేస్తూ దుర్గాబాయి వాకిట్లోకి పరుగెత్తాడు. పొద్దు వాలుతోంది. దుర్గాబాయి నడిమి గోడ పక్కన నిలబడి ఉంది. అతన్ని చూసి, నోటికి వేలు అడ్డం పెట్టింది.

“ఓ బర్రె,” అంది గోడ మీదుగా. “గా బతుకమ్మ నాడు మొదలు ఎత్తుకునుడు నాదే తప్పని జెప్పు.”

 అవతల నుంచి బర్రె తోక విసిరిన చప్పుడు మాత్రం వినిపించింది.

 ఈసారి బర్రెను పిలవలేదు.

“అక్కా.”

ఎన్నేళ్ల తర్వాతో ఆ పిలుపు ఆ గోడ దాటింది.

“అక్కా, నువ్వు ఎత్తుకో. నేనందుకుంట.”

  అప్పుడు గోడ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. తాపీగా, తొందరేమీ లేకుండా, పెద్దరికంతో. ఈసారి ఎవరూ ముందుపడలేదు.

“తూముకాడి మడిలోన తొలినాటు ఎవ్వలిదే?”

“ఎవ్వలిదైతేంది అమ్మ, కంకులొచ్చినంక సూడు!” అని దుర్గాబాయి అందుకుంది.  పరమేష్‌కు ఒక్కటే బాధ, చేతిలో టేపు రికార్డరు లేకపోయెనే అని.

బొంబాయిలో ఆ సభ జరిగిన హాలు జనార్ధన్ పటేలు షెడ్లన్నీ కలిపినంత ఉంది. లోపల చలికి బుచ్చమ్మ కొంగు రెండు చుట్లు చుట్టుకుంది. “పెండ్లి ఇంట్ల గింత సల్లగుంటే కూరలు గడ్డ కడ్తయి” అంది. ఎర్ర తివాచీ మీద విజేతలు ఒక్కొక్కరే నడిచిపోతున్నారు. ఉత్తమ పాప్ గీతానికి బహుమతి అందుకున్న కుర్రవాడి ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగి ఉంది.

“పాపం, గంత పెద్ద ఇనాం వస్తదని ఎర్క లేదేమో, పనికాడికెల్లి సక్కగ వచ్చినట్టున్నడు” అంది దుర్గాబాయి.

“కుట్టేటోళ్లు లేరా ఏంది ఈ ఊర్ల?” అని బుచ్చమ్మ వంత.

గజల్ ఆల్బమ్‌కు నెగ్గిన పెద్దాయన అందరికీ ధన్యవాదాలు చెప్పి చెప్పి, చివరికి కృతజ్ఞతలు చెప్పవలసినవాళ్లు మిగలక, ఆ ధన్యవాదాలు మొదటి నుంచీ మళ్లీ ఎత్తుకున్నాడు. ఉత్తమ వాద్య సంగీతం, ఉత్తమ భక్తిగీతం, ఉత్తమ ముఖచిత్రం... ప్రతిదానికీ ఒక కవరు, ఒక చప్పట్ల వాన. బుల్లిబాబు నుదుటి మీద అంత చలిలోనూ చెమట.

“ఉత్తమ జానపద జంటగానం!” అంది వ్యాఖ్యాత. “ఆంధ్రప్రదేశ్ నుంచి... దుర్గాబాయి, ఎల్లమ్మ!”

చప్పట్లు మోగాయి. దుర్గాబాయి లేచింది. బుచ్చమ్మ లేవలేదు.

“ఎల్లమ్మ ఎవలు?” అంది పరమేష్ వైపు తిరిగి.

“నువ్వే అక్కా. పటేలు జేసిన పని. లెవ్వు, తరువాత జెప్త.”

“నన్నెందుకు లెమ్మంటవు? ఎల్లమ్మను లెమ్మను.”

చప్పట్లు పలచబడుతున్నాయి. రెండో వరుసలో రాజస్థాన్ జంట మెడలు చాచి చూస్తున్నారు.  వేదిక మెట్ల దగ్గర దుర్గాబాయి వెనక్కి తిరిగి, అంత పెద్ద సభలో, నాట్ల మడిలో పిలిచినట్టే పిలిచింది: “అక్కా, రా!”

బుచ్చమ్మ లేచింది. తివాచీ మీద కాలు పెట్టి, దాని మెత్తదనం ఒకసారి చూసుకొని, మెట్లెక్కింది. వ్యాఖ్యాత ఇచ్చిన ప్రతిమను దుర్గాబాయి చేతికి అందించి, మైకును తనవైపు తిప్పుకుంది.

“నా పేరు బుచ్చమ్మ. ఎల్లమ్మ గాదు. మాది మేడ్చల్. ఎత్తుకునేది నేను, అందుకునేది మా శెల్లె.”

హాలులో సగం మందికి భాష తెలియదు. అయినా ఏదో వేళాకోళం కాదని అర్థమై అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ నిశ్శబ్దంలోకి బుచ్చమ్మ పాటను ఎత్తింది. దుర్గాబాయి దాన్ని కింద పడనివ్వలేదు. జడ్జీల వరుసలో ఒక ముసలాయన మాత్రం కనుబొమలు ముడిచి, క్యాసెట్‌లో మొదట పాడిన గొంతు ఇప్పుడు రెండోదైంది, రెండోది మొదటిదైంది కదా అన్నట్టు వేళ్లు అటూ ఇటూ తిప్పుకున్నాడు. తర్వాత కళ్లు మూసుకొని తాళం వేశాడు. శబ్దగ్రహణానికి పరమేష్‌కు కూడా ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దాని మీద అతని పేరు తప్పుగా అచ్చయింది, అతను దాన్ని అలాగే ఫ్రేము కట్టించుకున్నాడు.

ఆ కార్యక్రమం తర్వాతి ఆదివారం టీవీలో వచ్చింది. ఇక పుకారుకు నూకలు చెల్లాయని పరమేష్ అనుకున్నాడు. సోమవారం పొద్దున బస్టాండులో యాదగిరి ఎదురయ్యాడు.

“సూసినవానే? బుచ్చక్క మీదికి ఎల్లమ్మ ఎట్ల వచ్చిందో! మైకు పట్టుకున్నామె ఎల్లమ్మ అని పిల్వంగనే కూసున్న మనిషి కూసున్నట్టే బిగుసుకపోయింది. నేను ఆనాడే అన్న!”

“అరే, ఆమెనే చెప్పింది గదరా నేను ఎల్లమ్మను గాదని.”

“దేవత నేను దేవతనని జెప్పుకుంటదా?”

అప్పటికే శామీర్‌పేట నుంచి అల్వాల్ దాకా ఇదే మాట. ఎల్లమ్మ నగర్‌లో ప్లాట్లు చకచకా పోతున్నాయని పరమేష్ విన్నాడు. వాకిట్లో అక్కాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. జనం వచ్చి బుచ్చమ్మ కాళ్లకు మొక్కబోతే, “మొక్కేదుంటే గా బర్రెకు మొక్కుండ్రి, మమ్ముల కలిపింది అదే” అని తరుముతోంది. ఆ సలహాను కూడా ఒకరిద్దరు పాటించారట.

పరమేష్ ఓపిక ఉన్నంతకాలం అందరికీ విప్పి చెప్పాడు: ఖాళీ షెడ్డు, రేకుల కప్పు, సున్నం కుంచె, కిటికీ ముందు మరిచిపోయిన మైకు. అందరూ శ్రద్ధగా విని, చివరికి ఒకే ప్రశ్న వేసేవారు: “అన్ని సరేనే, గుడ్ల అట్టలు దాటి మనిషి గొంతు లోపలికెట్ల వస్తది?”

గుడ్ల అట్టలు గదిలో పుట్టిన ప్రతిధ్వనిని కొంత మింగుతాయి. బయట పుట్టిన శబ్దాన్ని ఆపవు. ఆపేవే అయితే, పరమేష్ ప్రతి రికార్డింగునూ కోళ్లు లారీ ఎక్కేదాకా వాయిదా వేసి ఉండేవాడు కాదు.